దస్సాస్ ఆఖరి పిల్ల

వగీదాకి కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేచాక ఎందుకు లేచిందో గుర్తుండదు. టీ గ్లాసు పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది, చివరికి ఆ గ్లాసు ఏ గూట్లోనో చల్లారిపోయి దొరుకుతుంది. ఈజిప్టులోని ఆ కఫ్ర్ షాహీన్ ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెని చూసి, "కాలు కాలిన పిల్లి అయినా సాయంత్రానికి ఓ మూల పడుకుంటుంది, ఈవిడ పడుకోదు" అని నవ్వుకుంటారు. నవ్వేవాళ్ళకేం పోయింది, వాళ్ళ పిల్లలంతా వాళ్ళ కళ్ళ ముందే ఉన్నారు.

అలాంటి మనిషి ఏడాదికి ఒక్కరోజు మాత్రం కదలకుండా కూర్చుంటుంది. అది దస్సాస్ పిల్లలు పెట్టే రోజు.

దస్సాస్ అంటే ఇసకలో ఒళ్ళు దాచుకుని కళ్ళు మాత్రం పైకి పెట్టే పాము. మనవైపు రెండుతలల పాము అంటారే, ఆ వంశమే. విషం లేదు, కోపం లేదు, పెద్దగా పని కూడా లేదు. అందుకే కైరోలో కలిగినవాళ్ళ పిల్లలు దాన్ని గాజుపెట్టెలో పెట్టుకుని సాకుతారు. వగీదా మొగుడు జైన్‌హుమ్ రిఫాయీల ఇంటివాడు, పాములు పట్టే వంశం. ఎవరింట్లో పాము దూరినా వెళ్ళి, పాములు మీరలేని తాతల నాటి ఒట్టు చదివి, దాన్ని పిలిచి సంచిలో వేసుకొస్తాడు. ఎడారిలో దస్సాస్ దొరికితే తెచ్చి భార్యకిస్తాడు. వాటిని సాకడం, జతకట్టించడం, పిల్లల్ని పెంచి అమ్మకానికి తయారుచేయడం ఆ ఇంట్లో ఆడవాళ్ళ పని. అత్తగారి నుంచి వగీదాకి వచ్చింది. వగీదా నుంచి పెద్దకొడుకు హిలాల్ భార్య ఇఖ్లాస్‌కి వెళ్ళాలి. ఇఖ్లాస్ ఫయ్యూమ్ వైపు పిల్ల, కాపురానికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. బొద్దుగా ఉంటుంది, నోట్లో నువ్వుగింజ నానదు.

వేసవి వెళ్ళిపోతున్న రోజులు. పిండి పిసికే పాత మట్టితొట్టిలో ఇసక పోసి ఉంచిన తల్లిపాము పొద్దున్నుంచీ మెలికలు తిరుగుతోంది. అత్తాకోడళ్ళిద్దరూ తొట్టికి చెరోపక్కా కూర్చున్నారు.

"అత్తమ్మా, గుడ్లేవి?" అంది ఇఖ్లాస్.

"గుడ్లు కోడికి. ఇది మనలాగే కంటుంది. మనలాగే మూలుగుతుంది కూడా, వినేవాళ్ళు లేరంతే."

మొదటి పిల్ల పలచటి పొరలో చుట్టుకుని బయటపడింది. ముక్కుతో పొరని చీల్చుకుని, తల బయటపెట్టి, లోకం నచ్చనట్టు మళ్ళీ ఇసకలోకి దూరబోయింది. వగీదా దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, ఇసక పోసిన ముంతలో వేసి, మూతికి గుడ్డ కట్టి, గోడవార అరుగు మీద మొట్టమొదటి చోట పెట్టింది. ఆ గోడకి అవతల రొట్టెల పొయ్యి ఉంది. ఎండాకాలమైనా చలికాలమైనా ఆ మూల గోడ గోరువెచ్చగా ఉంటుంది. రెండో పిల్ల ముంత దాని పక్కన. మూడోది ఆ పక్కన. అలా పుట్టిన వరసలోనే ముంతలు అరుగు పొడవునా జరుగుతూ తలుపు దాకా వచ్చాయి. ఇది వగీదా పెట్టిన పద్ధతి కాదు, అత్తగారిది. ఆవిడకి వాళ్ళ అత్తగారిది. ముందు పుట్టినవాడు ముందు, వెనక పుట్టినవాడు వెనక, ఇందులో అడగడానికేముంది?

మధ్యాహ్నానికి పిల్లలు రావడం నెమ్మదించింది. తర్వాత పిండం కట్టని పచ్చటి ముద్దలు రెండు పడ్డాయి. అందరి తర్వాత, తల్లి అలిసిపోయి చచ్చినదానిలా పడుకున్నాక, ఇంకో సన్నటి పిల్ల వచ్చింది. దాన్ని వేసిన ముంత మెడకి వగీదా నీలం గుడ్డపేలిక కట్టింది. కట్టి, తలుపు పక్కన అరుగు అంచున పెట్టింది.

"నీలం గుడ్డ దేనికత్తమ్మా?"

"ఆఖరిది" అంది వగీదా.

"ఓహో! మా ఇంట్లో ఆఖరిదాన్ని నేనే తెలుసా? మా నాన్న తన కంచంలోంచి తీసి తినిపించేవాడు. గుత్తిలో ఆఖరి పండు చక్కెర అనేవాడు."

వగీదా ఆ బొద్దు చేతుల వంక ఓసారి చూసి, ఒళ్ళు దులుపుకుని లేచిపోయింది. ఇఖ్లాస్ తానేం తప్పు మాట్లాడిందో అర్థంకాక తొట్టిలో పాముని అడిగింది. అదీ చెప్పలేదు.

ఆ ఇంట్లో కోడలికి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. వగీదా ఆఖరి కొడుకు పేరు రజబ్. వాడు పుట్టిన రెండో చలికాలంలో పోయాడు. దగ్గు, జ్వరం, ఆ మీద ఊపిరి కుక్కపిల్లలా ఎగబీల్చడం, అంతే. పట్నంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి బండి సిద్ధం చేసేసరికే అయిపోయింది. నలభయ్యో రోజు ఖురాన్ చదివినవాళ్ళు భోంచేసి వెళ్ళాక, వగీదా నేల మీద కూర్చుని తలని గోడకేసి కొట్టుకుంటోంది. నేనేం చేశాను, నేనేం చేయలేదు, ఇదే మాట. అప్పుడు జైన్‌హుమ్ ఆమెని లేపి పాముల గదిలోకి తీసుకెళ్ళాడు. ఆ ఏటి ముంతల్లో ఆఖరిది ఆ వారమే చచ్చిపోయి ఉంది. మూత విప్పి చూపించాడు.

"చూశావా హిలాల్ తల్లీ? ఆఖరిది నిలవదు. కడుపులో ముందున్నవాళ్ళు బలమంతా తినేస్తారు, ఆఖరున వచ్చినదానికి గిన్నె గీకినంతే మిగులుతుంది. మా అమ్మా ఇదే చెప్పేది. నువ్వు చేసిందీ లేదు, చేయందీ లేదు. అది వరస."

మునిగేవాడికి గడ్డిపోచైనా చాలు. వగీదా ఆ మాట పట్టుకుంది, ఇన్నేళ్ళూ విడిచిపెట్టలేదు. ఇంచుమించు ప్రతి చలికాలం ఆఖరి ముంతల్లో పిల్లలు తిండి ముట్టక, చర్మం వదులై, ఒక్కొక్కటీ పోయేవి. నీలం గుడ్డది అన్నిటికంటే ముందు పోయేది. అది పోయిన రోజు వగీదా దాన్ని తోటలో పాతిపెట్టి వచ్చి, ఒక వారం పాటు నెమ్మదిగా ఉండేది. టీ వేడిగా తాగేది. చెప్పడానికి బాగుండదు గానీ నిజం చెప్పాలంటే, అది చస్తేనే ఆమెకి నిద్ర పట్టేది. ఆ వారం దాటాక మళ్ళీ మామూలే, మళ్ళీ కాళ్ళకి చక్రాలు.

ఈ నమ్మకం ఒక్క ఆ ఇంటిదే కాదు. కైరో నుంచి పాముపిల్లల్ని కొనడానికి వచ్చే ఉస్తాద్ షుక్రీ అయితే ప్రతి ముంత ముందూ నిలబడి, "ఇది ఎన్నోది?" అని అడుగుతాడు. మనిషి సన్నం, మీసం లావు. ముందు పుట్టినవాటినే తీసుకుంటాడు. తన కొట్లో గాజుపెట్టెల మీద 'తొలి కాన్పు, తొలి పిల్ల' అని రాసి పెట్టుకుంటాడట. పెళ్ళికొడుకుని చూసినట్టు చూస్తారట కొనేవాళ్ళు.

ఆ ఏడు చలి మొదలయ్యే ముందు వగీదా అక్కగారి మొగుడు పోయాడు. నలభై రోజులూ అక్క దగ్గర ఉండాలి. బయలుదేరే ముందు వగీదా గుమ్మం దాకా వెళ్ళడం, మళ్ళీ రావడం, ఇదే పని.

"బల్లిపిల్లలు చిన్నవి వెయ్యి. తినకపోతే తీసెయ్యి. ఇసక తడవనివ్వకు. మావయ్య చెప్పిందల్లా వినకు, ఆయన నాగుపాముకి మొగుడేమో గానీ దీనికి కాదు."

"వెళ్ళండత్తమ్మా, బస్సు పోతుంది" అంది ఇఖ్లాస్, ముచ్చటగా మూడోసారి.

వగీదా తిరిగొచ్చేసరికి పొద్దున్న పొగమంచు దిగుతోంది. మూట గుమ్మంలో పడేసి, ముసుగు కూడా తీయకుండా నేరుగా పాముల గదికి వెళ్ళింది. గదంతా తెల్లగా మెరుస్తోంది. నీలం గుడ్డ ముంత తలుపు పక్కన లేదు. అది పొయ్యి గోడ పక్కన, అరుగు మీద మొట్టమొదటి చోట ఉంది.

మూత విప్పింది. ఇసక కదిలింది. బొటనవేలంత లావున నిగనిగలాడే మెడ పైకొచ్చింది. నారింజ రంగు మీద నల్ల మచ్చలు కొత్త చీరలా ఉన్నాయి. నాలుక చాపి ఆమె వేలు వాసన చూసింది.

వగీదా గబగబా తలుపు పక్కకి వచ్చి అక్కడున్న ముంత విప్పింది. అందులో ఉన్నది మొదటి పిల్ల. తల మీద తెల్లమచ్చతో పుట్టింది, ఆమెకి బాగా గుర్తు. అది ఇసక పైనే చుట్టుకుని పడి ఉంది. చర్మం వదులుగా ఉంది. పక్కన ముట్టని బల్లిపిల్ల ఎండిపోయింది.

"ఇఖ్లాస్! ఎవరు ముట్టుకున్నారే వీటిని?"

ఇఖ్లాస్ పిండిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. "నేనే అత్తమ్మా. పండక్కి సున్నం వేశాను. ముంతలన్నీ బయట పెట్టి మళ్ళీ లోపల సర్దాను. బాగుంది కదూ గది?"

"ఇలాగేనా సర్దేది?"

"మరెలా? బయట చివర పెట్టింది ముందు చేతికొచ్చింది. పైగా నీలం గుడ్డది మీ ముద్దుబిడ్డ కదా, వెచ్చగా ఉంటుందని పొయ్యి పక్కన పెట్టాను."

"ముద్దుబిడ్డని నీకెవరు చెప్పారు?"

ఇఖ్లాస్ తెల్లబోయింది. "దిష్టి తగలకుండా నీలం గుడ్డ ఎవరికి కడతారు అత్తమ్మా? చచ్చేదానికి కడతారా?"

కోడల్ని తిట్టడానికి ఆ ఇంట్లో మాటల కరువు ఎప్పుడూ లేదు, ఆ రోజే వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆమె ముంతల్ని పాత వరసలో పెట్టింది. సాయంత్రం అయ్యేలోపు మళ్ళీ తిప్పి ఇఖ్లాస్ పెట్టినట్టే పెట్టింది. మర్నాడు మళ్ళీ పాత వరస. భుజాలు నొప్పులు పుట్టాయి. అరచేయి పొయ్యి గోడకి ఆనించి చూసేది, తర్వాత తలుపు పక్క గోడకి ఆనించి చూసేది. ఒకటి గోరువెచ్చన, ఒకటి మంచు. ఇన్నేళ్ళుగా రోజూ తిరిగే గది. ఆ రెండు గోడల్నీ ఎప్పుడైనా ఒకదాని తర్వాత ఒకటి ముట్టుకుందా? ముట్టుకుంది. వెయ్యిసార్లు ముట్టుకుంది. అయినా తెలియలేదు, తెలుసుకోవాలనుకుంటే కదా తెలిసేది.

రజబ్ ఉన్న రోజుల్లో, రొట్టెల పొయ్యిని ఆనుకున్న అరుగు మీద చలికాలం అందరూ కలిసి పడుకునేవాళ్ళు. అది గుర్తు రాకూడదని ఆమె చాలా పనులు చేసింది. కోళ్ళగూడు కడిగింది, ఆ వెంటనే మళ్ళీ కడిగింది. ములుఖియా ఆకు పొడి అయ్యేదాకా తరిగింది. ఇఖ్లాస్‌తో ఉప్పు గురించి దెబ్బలాడింది. అయినా గుర్తుకొచ్చింది. హిలాల్ లోపలి గోడ వైపు, వాడి పక్కన రెండోవాడు, వాడి పక్కన ఆడపిల్లలు. అంచున రజబ్. ముందు పుట్టినవాడు ముందు, వెనక పుట్టినవాడు వెనక. వాడి పక్కన తనే పడుకునేది. తెల్లవారకముందే పిండి పిసకడానికి లేచిపోయేది. ఆ తర్వాత వాడి పక్కన ఉన్నది తలుపు.

ఇది ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందేమోనని భయం. ముంతల వరస తప్పైతే, తన బిడ్డ పోవడానికి కారణం వరస కాదు. వరస కాకపోతే మరేమిటి? ఆ ప్రశ్న దాకా వచ్చేసరికి ఆమె లేచి నిలబడేది. నిలబడితే నడిచేది. ఊరి చివర ఎడారి మొదలయ్యే చోటి దాకా నడిచి, చెప్పులో రాయి పడ్డదానిలా నిలబడి, తిరిగొచ్చేది.

ఆ రోజుల్లోనే ఉస్తాద్ షుక్రీ వచ్చాడు. జైన్‌హుమ్ కూడా గదిలోనే ఉన్నాడు, మూలన కూర్చుని సంచికి మాసిక వేసుకుంటున్నాడు. ముంతలు ఆ రోజు ఇఖ్లాస్ వరసలో ఉన్నాయి.

"తెల్లమచ్చదేనా మొదటిది?" అన్నాడు షుక్రీ. "ఇలా వాలిపోయిందేమిటమ్మా?"

"నీలం గుడ్డది తీసుకోండి. చూడండి ఎలా ఉందో" అంది వగీదా. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

షుక్రీ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అది అతని వేళ్ళ మధ్య గట్టిగా చుట్టుకుంది. "అబ్బో, బాగానే ఉంది. ఇది ఎన్నోది?"

"ఆఖరిది."

అతను పిల్లని తేలుని దించినట్టు ముంతలోకి దించేశాడు. "వద్దమ్మా. ఇవాళ ఇలా ఉంటుంది, రేపు తల వాల్చేస్తుంది. కొన్నవాళ్ళు నా మీసం పీకుతారు. మొదటిదే ఇవ్వు."

"అది చస్తుంది ఉస్తాద్."

"మొదటిది మొదటిదే" అని, చావడానికి సిద్ధంగా ఉన్నదాన్ని సంచిలో వేసుకుని, బతికేదాన్ని వదిలేసి వెళ్ళిపోయాడు. ఏ పుట్టలో ఏ పాముందో చెప్పలేరంటారు గానీ, ఈ బుర్రలో ఏముందో మాత్రం పైనుంచే తెలిసిపోతుంది.

అతను వెళ్ళాక జైన్‌హుమ్ చేతిలో సూది ఆగిపోయి ఉంది. ముంతల వంక చూస్తున్నాడు. భార్య తన వంక చూడగానే తల దించుకుని, లేని మాసిక వేయడం మొదలుపెట్టాడు.

మర్నాడు వగీదా రొట్టెలకి పిండి కలిపి, ఉప్పు మర్చిపోయానని వెనక్కి వచ్చింది. పాముల గది తలుపు ఓరగా ఉంది. లోపల జైన్‌హుమ్ నీలం గుడ్డ ముంతని రెండు చేతులతో పట్టుకుని, పొయ్యి గోడ నుంచి తలుపు వైపు అడుగులో అడుగు వేసుకుంటూ తెస్తున్నాడు. పాములోళ్ళ నడక, చప్పుడు కాదు.

"ఏమయ్యా" అంది వగీదా.

అతను ఆగిపోయాడు.

"ఎక్కడికి దాన్ని?"

"ఇఖ్లాస్ వరస తప్పించింది కదా, సర్దుతున్నాను."

"చల్లగోడ దగ్గర పెడితే చస్తుంది."

జైన్‌హుమ్ ముంతని గుండెకి దగ్గరగా పట్టుకున్నాడు. ఇతరుల ఇళ్ళలో పాముని పిలిచేటప్పుడు గుక్క తిప్పుకోకుండా చదివే మనిషి. పిల్లలు ఆ గొంతు వినడానికి వెంటపడతారు. సొంత ఇంట్లో మాత్రం మాటని నాటుసారాలా దాచుకుంటాడు.

"నీకు తెలుసు" అంది వగీదా. "చస్తుందని నీకు తెలుసు. ఎప్పట్నుంచి తెలుసు?"

"హిలాల్ తల్లీ, పొయ్యి ఆరిపోతుంది, వెళ్ళు."

"పొయ్యి బూడిదైపోనీ. ఎప్పట్నుంచి?"

అతను ముంతని నేల మీద పెట్టాడు. దాని పక్కనే తనూ కూలబడ్డాడు. తేలిగ్గా కూర్చునే వయసు కాదు. మోకాళ్ళు టకటకమన్నాయి.

"మొదట్లో నేనూ నమ్మాను" అన్నాడు. "అమ్మ చెప్పింది కదా. తర్వాత ఎడారిలో తిరుగుతుంటే ఇసకలో పిల్లలు దొరికేవి. ఆఖరిదేదో మొదటిదేదో, వాటికేమైనా గుడ్డలు కట్టి ఉంటాయా? ఎండ తగిలేచోట ఉన్నది లావుగా ఉండేది. నీడ రాయి కింద ఉన్నది పీల్చుకుపోయి ఉండేది. అప్పుడు తెలిసింది."

"తెలిసి?"

"తెలిసి నీకు చెబుదామనుకున్నాను. ఆ ఏడు చలి లేదు, గుర్తుందా? నీలం గుడ్డది బతికింది. చలికాలం దాటి కూడా బతికింది." అతను ఆమె వంక చూశాడు. "అప్పుడు నువ్వేం చేశావో గుర్తుందా?"

వగీదాకి గుర్తుంది. ఆ ఏడు అన్నం సహించలేదు. జుట్టు పీక్కుంది. ఆఖరిది బతుకుతుందా, మరి నాదెందుకు బతకలేదు అని అరిచింది. పక్కింటివాళ్ళు వచ్చి పట్టుకోవాల్సి వచ్చింది.

"ఆ తర్వాతి ఏడు నుంచి నేనే చూసుకున్నాను" అన్నాడు జైన్‌హుమ్. "అది తలుపు దగ్గరే ఉండేలా. తలుపు పక్క గోడలో చలిగాలి దూరే ఆ సందు కూడా మూయనివ్వలేదు. నువ్వు మట్టి మెత్తినప్పుడల్లా మళ్ళీ గీకేవాణ్ణి. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అంటారు కదా. పాము చచ్చినా ఫరవాలేదు, నువ్వు విరగకూడదనుకున్నాను."

ఇన్నేళ్ళ నీలం గుడ్డలు. ఇన్నేళ్ళు తోటలో తవ్విన చిన్న చిన్న గోతులు. వగీదాకి కోపం అరికాళ్ళ నుంచి లేచింది. పక్కనున్న ఖాళీ ముంత తీసి గోడకేసి కొట్టింది. ముక్కలు జైన్‌హుమ్ ఒళ్ళో పడ్డాయి, అతను దులుపుకోలేదు.

"నాకు మందు పెట్టావు" అంది. "ఏటా ఒక పాముని చంపి నాకు మందు పెట్టావు. పిచ్చిదాన్ని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టావు."

"పడుకున్నావు కదే" అన్నాడతను నెమ్మదిగా.

ఆ మాట నిజం కాబట్టే ఆమె భరించలేకపోయింది. నీలం గుడ్డ ముంత తీసుకెళ్ళి పొయ్యి గోడకి ఆనించి పెట్టింది. చలిలో ఉన్న మిగతా ముంతల్ని కూడా రెండేసి చొప్పున దగ్గరికి జరిపి, తలుపు కింద సందుకి గోనెపట్టా కుక్కింది. గోడలో సందుకి మట్టి మెత్తింది. చేస్తున్నంతసేపూ గొణుగుతూనే ఉంది. ఎవరిని తిడుతోందో ఆమెకే తెలియదు.

ఆ చలికాలం ఆ ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఇఖ్లాసే అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసేది. "మావయ్యా, అత్తమ్మ టీ చల్లారుతోందంటున్నారు." "అత్తమ్మా, మావయ్య పంచదార తక్కువైందంటున్నారు." ఒకరోజు విసిగి, "మీ ఇద్దరి మధ్యా తిరిగి నా కాళ్ళు అరిగిపోతున్నాయి, ఇందుకా నన్ను కోడలిగా తెచ్చుకుంది?" అని అడిగింది. ఇద్దరూ ఒకేసారి "నోరుముయ్యి" అన్నారు. ఆ చలికాలం ఇద్దరూ ఏకమైన మాట అదొక్కటే.

వగీదా గదికి ఎన్నిసార్లు వెళ్ళేదో లెక్క లేదు. ముంతలు తడిమేది. ముంతల్లో పిల్లలన్నీ తింటున్నాయి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదు ఇలా. ఒక్కో పిల్ల లావెక్కుతున్నకొద్దీ ఆమె ఒంట్లో ఏదో సన్నగిల్లుతోంది. ప్రతి బతికిన పిల్లా ఆమెని అదే అడుగుతోంది, మరి రజబ్? ఆ నలుగురినీ పొయ్యి అరుగు మీద అటు జరిపి వాణ్ణి మధ్యలో పడుకోబెట్టి ఉంటే? పిండి కాసేపు తర్వాత పిసికి ఉంటే? జవాబు చెప్పే వరస ఇప్పుడు లేదు. నిద్ర రాత్రుళ్ళూ లేదు, పగళ్ళూ లేదు.

చలి బాగా ముదిరిన ఒక పొద్దున్న ఆమె పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు తట్టుతోంది. జైన్‌హుమ్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చాలా రోజుల తర్వాత నేరుగా ఆమె ముఖంలోకి చూశాడు. అరచేయి చాపాడు.

నీలం గుడ్డ ముంతలోని పిల్ల. తాడుముక్కలా వాలిపోయి ఉంది. నిన్న కూడా నిగనిగలాడింది. బల్లిపిల్లని మింగింది కూడా.

"హిలాల్ తల్లీ" అన్నాడు. గొంతులో ఏదో ఆశ ఉంది. "చూడు. వెచ్చగానే పెట్టావు కదా. అన్నీ చేశావు కదా. మిగతావన్నీ బాగానే ఉన్నాయి, ఇదే పోయింది. నేను ముట్టుకోలేదు, నా పిల్లల మీద ఒట్టు. ఆఖరిది ఆఖరిదేనే. అమ్మ చెప్పింది నిజమే. నువ్వు చేయనిదేమీ లేదు."

వగీదా దాన్ని చూసింది. పాత నెమ్మది గుమ్మం దాకా వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే చాలు. టీ వేడిగా తాగొచ్చు, నిద్రపోవచ్చు. ఆమె చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

తర్వాత చేతులు కడుక్కుని లేచి, ఆ చచ్చిన పిల్లని అతని చేతిలోంచి తన చేతిలోకి తీసుకుంది.

"ఇది ఎందుకు చచ్చిందో నీకు తెలుసా?"

"ఆఖరిది కాబట్టి..."

"తెలుసా అని అడిగాను."

అతను ఖాళీ అయిన అరచేతిని బట్టలకి తుడుచుకున్నాడు.

"తెలీదు" అన్నాడు.

"రజబ్?"

మాట బయటికి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది కాబట్టి, మరి కాసేపు పట్టింది.

"తెలీదే. అల్లా మీద ఒట్టు, నాకు తెలీదు. చలికో, జ్వరానికో, మరి దేనికో. ఏమీ తెలీదు. తెలీదని నీతో ఎలా చెప్పను?" అని, గుమ్మంలోనే చతికిలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. కొడుకు పోయిన రోజు కూడా ఆమె ముందు ఏడవని మనిషి.

లోపల రొట్టె మాడుతున్న వాసన వస్తోంది. ఇఖ్లాస్ పరిగెత్తుకొచ్చి, ఇద్దర్నీ చూసి, వెనక్కి వెళ్ళిపోయింది.

వగీదా అతని పక్కన కూర్చుంది.

"ఆ మాట ఆ రోజే అనుంటే" అంది, "ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం కదయ్యా."